గేరు మార్చినప్పుడల్లా పేలే బండి

నిదానం అనేది అతనికి తల్లి పెట్టిన పేరు కాదు, ఊరు పెట్టిన పేరు. అతను నడిపేది శవాలబండి. వెనక పడుకున్నవాళ్ళకి తొందరుండదు, వెంట నడిచేవాళ్ళకి తొందర పనికిరాదు. ఏళ్ళ తరబడి అలా నత్తనడక బండి నడిపీ నడిపీ అతని కాళ్ళకీ చేతులకీ ఆఖరికి మాటకీ అదే నడక వచ్చేసింది. పెళ్ళికి పిలిస్తే అతను చేరేసరికి ఆ పెళ్ళికూతురి పిల్లలు బళ్ళో చేరిపోయారని ఊళ్ళో ఒక మాట ఉంది. మాటన్నాక కాస్త ఉప్పూ కారం పడతాయి గానీ, నిప్పు లేనిదే పొగ రాదు.

అతని భార్య సరిగ్గా దానికి ఎదురు. ఆమెని వీధి వీధంతా గలగలమ్మ అనేవాళ్ళు. నోట్లో నువ్వుగింజ నానేది కాదు. కుళాయి దగ్గర మొదలుపెట్టిన మాట తన బిందె నిండి, పొర్లి, పక్కవాళ్ళ బిందె కూడా నిండి పొర్లినా అయ్యేది కాదు. పిల్లలు లేరు. ఆ ఇంట్లో మాట్లాడటం ఆమె వంతు, వినడం అతని వంతు. అలా వాటాలు తేలిపోయిన కాపురం సాఫీగానే సాగింది, ఆమె ఊపిరితిత్తులు మొండికెయ్యనంతవరకు.

ఇప్పుడామెకి గుక్కకి రెండే మాటలు. మూడో మాట కావాలంటే ఆగి, దిండు పట్టుకుని, ఎక్కడో లోతు బావిలోంచి చేదుకున్నట్టు గాలి చేదుకోవాలి. డాక్టరు చూశాడు. మందులు రాశాడు. "గాలీ వెలుతురూ ముఖ్యం, కిటికీ పక్కన పడుకోబెట్టండి" అన్నాడు. ఆ ఇంటికి కిటికీ అంటూ ఉన్నది ముందుగదికే. ఆ కిటికీ తెరిస్తే వీధి. ఆ వీధి పోయేది శ్మశానానికి. డాక్టరుకి ఇవన్నీ ఎవరు చెబుతారు?

వీధి ఏటవాలుగా ఉంటుంది. పైన నీళ్ళ ట్యాంకు దగ్గర మలుపు, అడుగున కల్వర్టు, కల్వర్టు దాటితే శ్మశానం గేటు. సగం దిగాక ఎడంపక్కన నిదానం ఇల్లు. ఊళ్ళో ఎవరు పోయినా, ఎంత మీసమున్నవాడు పోయినా, ఆ గుమ్మం ముందునుంచి పోవాల్సిందే. చుట్టాలు మలుపు దాకా తమ తమ బళ్ళలో వచ్చి, అక్కడ దిగి వెనకాలే నడుస్తారు. వాళ్ళు నడవాలి కాబట్టి నిదానం మలుపులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి మూడో గేరు నుంచి రెండులోకి దించుతాడు. దించగానే బండి వెనకనుంచి 'ఠప్' మంటుంది. ఆ తర్వాత పల్లమంతా కాలు తీసే ఉంచుతాడు కదా, 'ఠప్... ఠప్ఠప్... ఠప్' అని ముసలాడు దగ్గినట్టు దగ్గుకుంటూ దిగుతుంది.

అది పాత పెట్రోలు బండి. ఒకప్పుడు బడిపిల్లల్ని మోసింది, తర్వాత కూరగాయలు మోసింది, రెండిటికీ పనికిరాకుండా పోయాక సీట్లు పీకి తెల్లరంగు పూసి దీనికి పెట్టారు. దాని దగ్గుకి ట్యాంకు మీది కాకులు లేచిపోయేవి. ఒకసారి ఆ చప్పుడుకి వెనక పడుకున్నాయనే లేచి కూర్చున్నాడని చెప్పుకుంటారు. అది మటుకు నమ్మక్కర్లేదు.

మంచం మీద పడుకుంటే గలగలమ్మకి వీధి కనిపించదు. ఎదురింటి చూరు, ఒక కరెంటు తీగ, దాని మీద వాలే పిట్టలు, అంతే. మిగతా వీధినంతా ఆమె చెవులతోనే చూడాలి. నిదానం బయటికి వెళ్ళినప్పుడు ఎదురింటి టైలరమ్మ కుట్టుపని చంకన పెట్టుకుని వచ్చి ఆమె దగ్గర కూర్చునేది. ఆ టైలరమ్మే ఒకరోజు గుమ్మంలో అతన్ని ఆపింది.

"అన్నయ్యా, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోవుగా?"

"అనుకునేలోపల నువ్వు చెప్పేస్తావులే అమ్మా."

"వేళాకోళం కాదు. నీ బండి పేలినప్పుడల్లా వదిన దుప్పటి అంచు పిడికిట్లో బిగించేస్తోంది. కళ్ళు మూసుకుంటోంది. పెదాలు కదుపుతోంది. పాపం, భయం కాబోలు. అసలే ఉన్నది గుప్పెడు ఊపిరి. దాన్ని కూడా నీ బండే ఊదేస్తే ఎలా?"

నిదానం కిటికీ వైపు చూశాడు. నిజమే కదా! చావుకి దగ్గరలో ఉన్న మనిషి కిటికీ కింద రోజూ చావుని ఊరేగించుకుంటూ, పైగా చాటింపు వేసుకుంటూ తిరుగుతున్నాడు తను. లోపలికెళ్ళి ఆమెనే అడగొచ్చు. అడగలేదు. వాళ్ళ కాపురంలో అడగడం అనేది అతని వాటాకి రాలేదు. ఆ ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథే లేదు.

మర్నాడు బండి యజమాని దగ్గరికి వెళ్ళాడు. ఆయనకి శవపెట్టెలూ పూలూ అమ్మే కొట్టుంది. పుట్టుకలకి అక్కర్లేని సరుకంతా అక్కడ దొరుకుతుంది. ఆయన కొత్త పెట్టెకి వార్నిష్ పూయించుకుంటూ కూర్చున్నాడు.

"అయ్యగారూ, బండి సైలెన్సర్ బాగా పేలుతోందండీ. మార్పిద్దామండీ."

"నడుస్తోందా?"

"నడుస్తోందండీ."

"మరేం? వెనక ఉన్నవాడేమైనా ఉలిక్కిపడుతున్నాడా? ఇన్నేళ్ళ వ్యాపారంలో మన సరుకు గురించి ఎక్కినవాడెవడూ దిగొచ్చి ఫిర్యాదు చెయ్యలేదు."

"వెనకున్నోళ్ళ సంగతి కాదండీ. మా ఇంటిది..."

"మీ ఇంటిది బండిలో ఉందా?"

నిదానం వెనక్కి తిరిగాడు. అన్నాక ఆయనే నాలిక్కరుచుకున్నాడు గానీ, అన్న మాట వార్నిష్ కాదుగా, తుడిచేస్తే పోవడానికి.

అక్కడినుంచి మెకానిక్ షెడ్డుకి పోయాడు. మెకానిక్ కుర్రాడేం కాదు, నెత్తి మీద నాలుగు వెంట్రుకలు మిగిలిన మనిషి. అయినా నిదానాన్ని బాబాయ్ అంటాడు. బండి కింద దూరి, వేలితో గొట్టం తడిమి, నల్లటి మొహంతో బయటికొచ్చాడు.

"బాబాయ్, ఇంజనంటే పొయ్యి అనుకో. నువ్వు కాలు నొక్కినంతసేపూ పెట్రోలూ గాలీ సరిపాళ్ళలో వెళ్ళి లోపలే కాలతాయి. కాలు తీశావనుకో, గాలి తలుపు మూసుకుంటుంది. కానీ గేర్లో ఉంది కదా, చక్రాలు ఇంజన్ని తిప్పుతూనే ఉంటాయి. అది పెట్రోలు గుటకలేస్తూనే ఉంటుంది. గాలి చాలదు, సగమే కాలుతుంది. మిగిలిన సగం ఏమవుతుంది?"

"ఏమవుతుంది?"

"పచ్చిగా గొట్టంలోకి పోతుంది. గొట్టమేమో పెనంలా కాలిపోయుంటుంది. ఇదిగో ఇక్కడ చూడు, ఈ అతుకు దగ్గర బిగింపు పోయింది. ఈ సందులోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. పచ్చి పెట్రోలుకి వేడీ ఉంది, గాలీ దొరికింది. ఇంకేం కావాలి? ఠప్. ఇంట్లో కాలాల్సింది వీధిలో కాలితే చప్పుడు రాదూ?"

"మరి గేరు మార్చినప్పుడు?"

"గేరు మార్చాలంటే కాలు తియ్యాలిగా! అదే కథ, కాస్త పొట్టిగా."

"ఏం చెయ్యాలి మరి?"

"గొట్టం మార్చాలి. కార్బొరేటర్ దించి బాగుచెయ్యాలి, అది పెట్రోలు ఎక్కువ తాగిస్తోంది. మీ అయ్యగారు ఒప్పుకుంటాడా?"

"ఆయన ఒప్పుకోవాలంటే ఆయన్నే ఎక్కించుకుని పోవాలి."

"ఆ రోజు మాత్రం పేలకపోతే బాగుండదులే," అని మెకానిక్ నవ్వాడు. నిదానం నవ్వలేదు.

ఆ సాయంత్రం అతను ఒక నూనె డబ్బా రేకు కత్తిరించి, ఆ అతుకు చుట్టూ చుట్టి, తీగతో బిగించి కట్టాడు. చంటిబిడ్డకి కట్టు కట్టినంత జాగ్రత్తగా కట్టాడు. చప్పుడు తగ్గింది. రెండు శవాలు దాటేసరికి రేకు కాలి, తీగ తెగి, మళ్ళీ మామూలే. మళ్ళీ కట్టాడు. మళ్ళీ తెగింది. ఊళ్ళో నూనె డబ్బాలన్నీ అతని బండికిందే ఉన్నాయని పిల్లలు పాటలు కట్టారు.

అప్పుడతనికి ఒక ఆలోచన తట్టింది. పాత డ్రైవర్లు పెట్రోలు మిగుల్చుకోడానికి పల్లంలో తాళం తిప్పి ఇంజను ఆపేసేవాళ్ళు. ఇంజను ఆగితే కాలడం ఉండదు, కాలడం లేకపోతే పేలడం ఉండదు. ఎంత తేలిక! తన తెలివికి తనే ముచ్చటపడ్డాడు. మలుపులో రెండో గేరులోకి దించీ దించగానే తాళం తిప్పేశాడు. గేరులో ఉంది కాబట్టి బండి పరిగెత్తకుండా, నిండు గర్భిణిలా, చప్పుడన్నది లేకుండా దిగింది. ఏడుపులు మలుపు దగ్గరే ఆగిపోయాయి, వెనక నడిచేవాళ్ళ చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు, అది రోజూ వీధిలో ఉండేదే. తన కిటికీ దాటుతున్నప్పుడు నిదానం ఊపిరి కూడా బిగబట్టాడు. కల్వర్టు దగ్గర మళ్ళీ తాళం తిప్పాడు.

అంతే. ఢామ్మని పేలింది. అలాంటి ఇలాంటి పేలుడు కాదు, కల్వర్టు కింది కప్పలు మూడు వీధుల అవతల పడ్డాయంటారు.

ఆ రోజు బండిలో ఉన్నాయన మార్కెట్లో తూకాలు వేసే మనిషి. బతికున్నన్నాళ్ళూ ఎవరూ రెండోసారి పలకరించి ఎరగరు. ఆయన తమ్ముడు ఆ పేలుడు విని, కన్నీళ్ళు తుడుచుకుని, తల పైకెత్తి, "మా అన్నకి తుపాకీ మర్యాద చేశార్రా!" అన్నాడు. ఆ వారంలోనే మరో ఇంటివాళ్ళు కొట్టుకొచ్చి, "ఆ ఢామ్ మాక్కూడా కావాలి" అని అడిగారు. యజమాని ఏమీ అర్థంకాకపోయినా, "ఉంటుందండీ, ఎందుకుండదూ" అన్నాడు. వ్యాపారి.

మెకానిక్ మాత్రం విని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "బాబాయ్, నువ్వు చేసిందేంటో తెలుసా? ఇంతకుముందు సగం పెట్రోలే పచ్చిగా పోయేది. ఇప్పుడు నిప్పే ఆర్పేశావు. పల్లమంతా మొత్తం పెట్రోలు అలాగే పోయి సైలెన్సర్‌లో కూర్చుంటోంది. కింద తాళం తిప్పగానే అంతా ఒక్కసారే అంటుకుంటోంది. చిన్న చిన్న దగ్గులన్నీ కూడబెట్టి ఒకేసారి తుమ్మిస్తున్నావు. ఏదో ఒకరోజు ఆ సైలెన్సర్ చీలిపోతుంది."

"చీలితే కల్వర్టు దగ్గరేగా చీలేది," అన్నాడు నిదానం. అతని లెక్కంతా ఒక్కటే. ఇంటి ముందు చప్పుడు ఉండకూడదు.

ఇంట్లో గలగలమ్మ అడిగింది. "ఏమయ్యా... ఆ ఢామ్మని... ఏంటది?"

"కొండవైపు రాళ్ళు పేలుస్తున్నారే."

"మరి నువ్వు... బండి తియ్యట్లేదా?"

"ఎవరూ పోలేదే. పని లేదు."

ఆమె కరెంటు తీగ వైపు చూస్తూ పడుకుంది. అబద్ధం ఇంత మెత్తగా దిగిపోతుందని నిదానం అనుకోలేదు. ఆ రోజునుంచి అతను బండి తీసిన ప్రతిరోజూ, "ఇవాళా ఎవరూ పోలేదే" అని చెప్పేవాడు. ఊరంతా ఆరోగ్యంగా ఉందనీ, డాక్టరు ఈగలు తోలుకుంటున్నాడనీ, యజమాని పెట్టెల్లో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయనీ చెప్పేవాడు. టైలరమ్మకీ అదే మాట నూరిపోశాడు. పెళ్ళయ్యాక అతను అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. ఆమెని నవ్వించాలని చూశాడు. ఆమె నవ్వలేదు. అతను చెప్పేకొద్దీ ఆమె మొహం పాలిపోతూ వచ్చింది. జావ రెండు చెంచాల తర్వాత వద్దనేది. కళ్ళు మూసేది కాదు, కునుకు పట్టేది కాదు. కిటికీ వైపు చెవి పెట్టి అలాగే ఉండిపోయేది.

"ఊళ్ళో... ఒక్కరంటే ఒక్కరు... పోలేదా?" అని ఒకరోజు అడిగింది.

"ఒక్కరంటే ఒక్కరు పోలేదే. నీ మీదొట్టు," అన్నాడు. చెప్పిన అబద్ధానికి ఆమె మీదే ఒట్టు పెట్టాడు. అంత ప్రేమ.

టైలరమ్మ, "వదిన దుప్పటి పట్టుకోవడం మానేసింది అన్నయ్యా" అంది. నిదానం సంతోషించాడు. "కానీ ఎందుకో రోజురోజుకీ కుంగిపోతోంది" అని కూడా అంది. అది జబ్బు అనుకున్నాడు.

తాళాలు బాగుచేసే ముసలాయన పోయిన రోజున ఉన్నట్టుండి ఎండ చుర్రుమంది. జనం బాగా వచ్చారు. ఊళ్ళో ఆయన తెరవని తలుపు లేదు. నిదానం మలుపులో గేరు దించాడు, తాళం తిప్పాడు, చప్పుడు లేకుండా దిగుతున్నాడు. సరిగ్గా అతని ఇంటి ముందు, వీధి మధ్యలో, ఒక కుక్క పడుకుని ఉంది. బండి చప్పుడు లేదు కదా, అదెందుకు లేస్తుంది? హారన్ కొడదామంటే తన కిటికీ పక్కనే ఉంది. "హుష్, హుష్" అన్నాడు. అది ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది. వెనక జనం దగ్గరికి వచ్చేశారు. నిదానం బ్రేకు తొక్కాడు. బండి కిటికీ కిందే ఆగిపోయింది.

గేరులో ఉన్న బండి బ్రేకు వదిలినా కదల్లేదు, గేరు తీస్తే పల్లంలో పరిగెడుతుంది. ఇప్పుడు దిగి తోయించాలి. తొయ్యమని అడిగితే, ఎందుకు ఆగిందని అడుగుతారు, అరుస్తారు, లోపల వినిపిస్తుంది. తాళం తిప్పితే పేలుతుంది. మింగలేడు, కక్కలేడు. కుక్క లేచి ఒళ్ళు విరుచుకుని పక్కకి పోయింది. వెనకనుంచి ఎవరో, "ఏంటి నిదానం, ఇంటికొచ్చి భోంచేసి వెళ్దామనా?" అన్నారు. నిదానం కళ్ళు మూసుకుని తాళం తిప్పాడు.

ఆ పేలుడు గురించి ఊళ్ళో ఎవరినడిగినా ఒక్కో రకంగా చెబుతారు. సైలెన్సర్ అరటికాయలా నిట్టనిలువునా చీలింది, ఇది నిజం. వెనక గొట్టం ఊడి టైలరమ్మ గుమ్మంలో పడింది, ఇదీ నిజం. ఆమె కుట్టుమిషను భయంతో దానంతటదే నాలుగు బారలు కుట్టేసిందన్నది టైలరమ్మ మాట. జనం తలో దిక్కూ పరిగెత్తారు. బండి వెనక తలుపు ఊడిపడి పెట్టె సగం బయటికి జారింది. జీవితమంతా మూసిన తలుపులు తెరిచిన మనిషి, పోతూ పోతూ ఆ తలుపు కూడా తెరిచాడని తర్వాత నవ్వుకున్నారు. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. ముసలాయన కొడుకు నిదానం చొక్కా పట్టుకున్నాడు.

నిదానం చొక్కా విడిపించుకోలేదు. అతని చూపు కిటికీ మీదే ఉంది. కిటికీ ఊచల మధ్య రెండు చేతులు కనిపించాయి. ఎన్నాళ్ళనుంచో మంచం మీద లేచి కూర్చోని మనిషి ఊచలు పట్టుకుని లేచింది. పొగలోంచి గలగలమ్మ మొహం కనిపించింది. ఆ మొహం వెలిగిపోతోంది.

"ఎవరో... పోయారు!" అంది. "ఏమయ్యా... ఎవరో... పోయారు!"

పెట్టె పక్కన ఏడుస్తున్న ఆడవాళ్ళు తలెత్తి చూశారు. ఒకరింటి ఏడుపు చూసి ఇంకొకరు అంత సంబరపడటం వాళ్ళెన్నడూ చూడలేదు. నిదానం తల దించుకున్నాడు.

అదంతా సర్దుకుని, శవాన్ని చేతుల మీద మోసుకెళ్ళి, తిట్టాల్సినవాళ్ళంతా తిట్టాక, అతను ఇంట్లోకొచ్చి మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు.

"ఎందుకే అలా అన్నావు?" అన్నాడు.

ఆమె మాటలు చేదుకుంది. ఒక్కొక్క మాటకీ బావి మరింత లోతవుతోంది.

"ఎవరూ... పోలేదన్నావు. ఇన్నాళ్ళూ."

"నువ్వు భయపడతావని... ఆ చప్పుడు వినపడకూడదని..."

"చప్పుడుకా... భయం?" ఆమె నవ్వబోయింది, దగ్గు వచ్చింది. "ఠప్పుమంటే... ఎవరో వెళ్ళారని. ఇవాళ్టికి... నేను కాదని. దుప్పటి పట్టుకుని... పోనీలే పాపం... అనుకునేదాన్ని. ఆ పూట... నిద్ర పట్టేది. నువ్వేమో... ఊళ్ళో ఎవరూ... పోవట్లేదన్నావు. ఎవరూ పోకపోతే... ఇంక మిగిలింది... ఎవరు?"

నిదానం ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. రేకులు కత్తిరించి, వేళ్ళు కాల్చుకుని, తాళం తిప్పి, ఒట్టు పెట్టి, ఆమె దగ్గరున్న ఒకే ఒక్క ధైర్యాన్ని తన చేతులతో తనే పీకేశాడు. మెల్లగా, జాగ్రత్తగా, నిదానంగా పీకేశాడు.

యజమాని మర్నాడే అతన్ని పనిలోంచి తీసేశాడు. ఎక్కినవాళ్ళు ఫిర్యాదు చెయ్యరు గానీ, ఎక్కించినవాళ్ళు చేస్తారని ఆయనకి అప్పుడే తెలిసింది. బండికి కొత్త సైలెన్సర్ వేయించాడు. ఇన్నాళ్ళూ అడిగితే రాని గొట్టం ఒక్కపూటలో వచ్చింది. కార్బొరేటర్ బాగుచేయించాడు. అతుకులన్నీ బిగించారు. కొత్త డ్రైవరు వచ్చాడు. ఇప్పుడు ఆ బండి మలుపు తిరిగితే పిల్లి నడిచినట్టు నడుస్తుంది. గేరు దించినా, కాలు తీసినా, చప్పుడంటూ లేదు. నిదానం ఎన్నాళ్ళో కోరుకున్న నిశ్శబ్దం అచ్చంగా అలాగే ఉంది.

"నీకు పుణ్యముంటుంది, ఆ అతుకు కాస్త వదులు చెయ్యవూ?" అని నిదానం మెకానిక్ కాళ్ళావేళ్ళా పడ్డాడు. పొద్దునపూట ఆ షెడ్డులోనే నట్లు కడిగే పనికి కుదిరాడు.

"బాబాయ్, వదులు చెయ్యడం ఎంతసేపు? నువ్వంటే తట్టుకున్నావు గానీ, ఆ పొగ లోపలికొస్తే డ్రైవరు మూర్ఛపోతాడు. మా పిన్ని కోసం ఇంకోడి పెళ్ళాన్ని ఏడిపిస్తామా?" అన్నాడు మెకానిక్. అతని గొంతులోనూ వెనకటి నవ్వు లేదు.

ఇంక ఒకటే దారి. మధ్యాహ్నం ఇంటికి రాగానే నిదానం గుమ్మంలో కూర్చునేవాడు. మలుపు వైపు చూస్తూ ఉండేవాడు. తెల్లబండి దిగి తన ముందునుంచి పోగానే వెనక్కి తిరక్కుండా, "వెళ్ళింది" అనేవాడు.

లోపలినుంచి, "ఎవరు?"

"సోడా బండాయన వాళ్ళ అత్తగారు."

"పోనీలే... పాపం." ఆ తర్వాత ఊపిరి వదిలిన చప్పుడు. ఆ పూటకి జావ తాగేది.

ఆమెకి తెలియకూడదని ఊరంతా తిరిగి తంటాలు పడ్డ మనిషి ఇప్పుడు గుమ్మంలో కూర్చుని చావుల చాటింపు వేస్తున్నాడు. అయితే ఊరు చిన్నది. రోజుకొకరు పోవాలంటే ఎలా? బండి రాని రోజులుండేవి. ఆ రోజుల్లో ఆమె కళ్ళు ఎండుచేపల కళ్ళలా తెరుచుకునే ఉండేవి. ఛాతీ కొలిమితిత్తిలా ఎగిరేది. చూడలేక ఒకరోజు, ఖాళీ వీధి వంక చూస్తూ, నిదానం, "వెళ్ళింది" అన్నాడు.

"ఎవరు?"

"పాలాయన."

ఆమె పడుకుంది. హాయిగా పడుకుంది. మర్నాడు పాలాయన సైకిలు గంట కొట్టుకుంటూ వచ్చాడు. నిదానం ఎదురు పరిగెత్తి అతని నోరు మూశాడు. అతను పరిగెత్తడం ఊరు చూడటం అదే మొదటిసారి.

"అన్నా, ఆ గంట కొట్టకు. గొంతెత్తకు. నువ్వు నిన్న పోయావు."

"నేనా? ఎలా పోయాను?"

"నిద్రలో."

పాలాయన విషయం విని తల గోక్కున్నాడు. "పోనీ, సుఖంగా పోయాను," అన్నాడు. అప్పట్నుంచి వెనకసందులోంచి వచ్చి, దొంగలా పాలు పోసి, కాళ్ళ మునివేళ్ళ మీద వెళ్ళిపోయేవాడు.

తర్వాత మంగలాయన పోయాడు. తర్వాత బడి గంట కొట్టే ఆయన, పంపు ఆపరేటరు, మెకానిక్, డాక్టరు గారి కాంపౌండరు. గుమ్మంలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిదానం సగం ఊరిని కింద గేటు దాటించాడు. వీధిలో వాళ్ళంతా ఆ కిటికీ ముందు నోరు మెదపకుండా, చెప్పులు చేతపట్టుకుని నడవడం నేర్చుకున్నారు. కొందరు జాలిపడ్డారు. కొందరు మండిపడ్డారు. మంగలాయన జ్వరంతో మంచమెక్కి, "నీ నోటిచలవే" అని కబురు పంపాడు. ఆఖరికి టైలరమ్మే, "అన్నయ్యా, నన్ను మాత్రం చంపకు. నేను పోతే వదిన దగ్గర ఎవరు కూర్చుంటారు?" అంది. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

గలగలమ్మకి రానురానూ ఒక చావు సరిపోవడం మానేసింది. మొదట రోజుకొకటి చాలేది. తర్వాత పొద్దున్న చెప్పిన చావు సాయంత్రానికి పాతబడిపోయేది. ఊపిరి తగ్గేకొద్దీ చావుల అవసరం పెరిగింది. డాక్టరు వచ్చి చూసి, బయటికొచ్చి నిదానం భుజం మీద చెయ్యి వేశాడు. చెప్పేదుంటే చెయ్యి వెయ్యరు.

ఆ మధ్యాహ్నం వీధిలో ఎండ తప్ప ఏమీ లేదు. మలుపు ఖాళీ, కల్వర్టు ఖాళీ. నిదానం గుమ్మంలో కూర్చున్నాడు. లోపల దిండు కదిలింది.

"వెళ్ళిందా?"

"వెళ్ళిందే."

"ఎవరు?"

నిదానం మనసులో ఇంటింటికీ తిరిగాడు. పై వీధి అంతా అయిపోయింది. మార్కెట్టు అయిపోయింది. బడి, షెడ్డు, నీళ్ళ పంపు అన్నీ అయిపోయాయి. ప్రతి గడపా దాటేసి వచ్చాడు, చేతికి ఒక్కరూ తగల్లేదు.

"తెలియలేదే," అన్నాడు. "మొహం కప్పేశారు."

లోపల మంచం కిర్రుమంది.

"ఆడమనిషా?"

నిదానం గుమ్మం చెక్కని రెండు చేతులా పట్టుకున్నాడు.

"కాదే. మగమనిషే," అన్నాడు. "నేను చూశాను. కాళ్ళు బయటికున్నాయి. మగమనిషే."

తలుపుకి వీపు ఆనించి, ఆమె ఊపిరి వదిలే చప్పుడు కోసం చెవి పెట్టాడు. అది వచ్చింది, ఎంతోసేపటికి, సూదిలో దారంలా సన్నగా. ఎండ ఇంకా పైనే ఉంది. సాయంత్రానికి మళ్ళీ ఎవరినో ఒకరిని వెతకాలి.